గట్టు రాయి రంగు అడిగేవాళ్లు కోత సంగతీ అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వంటింటి గట్టు మీద వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. తెల్లటి క్వార్ట్జ్ గట్టు, దాని మీద గాజు గిన్నెలో నిమ్మకాయలు, ఎక్కడా ఒక్క పోపు చుక్క లేదు. గ్రానైట్ పాతబడిందనీ, క్వార్ట్జ్‌కి మరకలు అంటవనీ, వంటిల్లు వెలుగ్గా కనిపిస్తుందనీ రాశారు. నేను ఒంగోలులో గ్రానైట్ ఫిట్టింగ్ మేస్త్రీని. మాది చీమకుర్తి పక్కన ఊరు. క్వారీలో చిన్న పనులతో మొదలుపెట్టి, కొన్నాళ్లు పాలిష్ ఫ్యాక్టరీలో చేసి, ఇప్పుడు ఇళ్లలో గట్లు, మెట్లు, గడపలు పరిచే పని చేస్తున్నాను. ఆ వ్యాసంలో లేని సంగతులు కొన్ని చెప్పాలనుకుంటున్నాను. వాటిలో చాలావరకు కొనేవాళ్లకు పనికొచ్చేవి. ఒక్కటి మాత్రం కోసేవాళ్ల సంగతి. ఉత్తరం రాస్తున్నది ఆ ఒక్కదాని కోసమే. కానీ ముందు కొనేవాళ్ల సంగతి చెప్పకపోతే మా సంగతి ఎవరూ చదవరు.

క్వార్ట్జ్ గట్టు అంటే కొండలోంచి కోసి తీసిన పలక కాదు. పలుగురాయిని పొడిగా కొట్టి, రెజిన్ జిగురు, రంగు కలిపి, గాలి లాగేసి, గట్టిగా వత్తి, వేడిచేసి పలకగా తయారుచేస్తారు. తూకంలో 90 శాతానికి అటూ ఇటూగా పలుగురాయి పొడే ఉంటుంది. ఈ పద్ధతి ఇటలీ వాళ్లు కనిపెట్టింది. ఇప్పుడు మన అచ్యుతాపురంలోనూ ఆ పలకలు తయారై అమెరికాకు ఓడలెక్కుతున్నాయి. మరకలు అంటవన్న మాట చాలావరకు నిజమే, ఎందుకంటే ఆ పలకకు నీళ్లు పీల్చే గుణం లేదు. కాకపోతే పసుపు కలిపిన ముద్ద రాత్రంతా లేత రంగు పలక మీద వదిలేస్తే పచ్చటి నీడ మిగులుతుంది. వెంటనే తుడిస్తే సరిపోతుంది.

అసలు చిక్కు వేడితో. ఆ జిగురు ప్లాస్టిక్ జాతి. సుమారు 150 డిగ్రీలు దాటిన గిన్నె దాని మీద పెడితే గుండ్రంగా మచ్చ పడుతుంది. ఆ మచ్చ పాలిష్ పడితే పోదు, ఎందుకంటే కమిలింది పైపొర కాదు, లోపలి జిగురు. దోసెల పెనం, అప్పడాలు వేయించిన మూకుడు అంతకంటే వేడిగానే ఉంటాయి. మన వంటిళ్లలో పొయ్యి మీద నుంచి దింపిన గిన్నెను ఆలోచించకుండా పక్కన పెట్టేయడం అలవాటు. ప్రతిసారీ కింద చెక్క పలకో మందపాటి గుడ్డో వేసుకుంటామంటే క్వార్ట్జ్ వేయించుకోవచ్చు, నేనేమీ వద్దనను. కిటికీలోంచి రోజంతా ఎండ పడే చోట తెల్ల క్వార్ట్జ్ కొన్నేళ్లకు పసుపు తిరగొచ్చు. ఇది కూడా షాపులో అడగనిదే చెప్పరు.

మొన్న కర్నూలు రోడ్డులో ఒక ఇంటికి కొలతలకు వెళ్లాను. పెద్దాయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. కొడుకు డాలస్ నుంచి వీడియో కాల్‌లో ఉన్నాడు. "అంకుల్, మా ఇంట్లో క్వార్ట్జే. ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు. అమ్మకి అదే వేయండి" అన్నాడు. "బాబూ, మీ ఇంట్లో దోసెల పెనం దింపి ఎక్కడ పెడతారు?" అని అడిగాను. నవ్వి, "మేం దోసెలు బయటే తింటాం అంకుల్" అన్నాడు. వాళ్లమ్మగారు ఫోను తీసేసుకుని, "మేస్త్రీ గారూ, నల్లరాయే వేయండి, వాడొచ్చినప్పుడు దోసెలు నేనే వేసిపెడతా" అన్నారు. పని అలా కుదిరింది. ఒక్క ఇంటి మాట పట్టుకుని క్వార్ట్జ్ చెడ్డదని అనడం లేదు. అమెరికా వంటిల్లు, మన వంటిల్లు ఒకటి కావని మాత్రం ఆవిడకు నాకంటే బాగా తెలుసు.

మార్బుల్ గట్టు గురించి మీ వ్యాసంలో రెండు వాక్యాలే ఉన్నాయి, అవి కూడా మెచ్చుకుంటూ. మార్బుల్ సున్నపు జాతి రాయి. చింతపండు పులుసు, నిమ్మరసం, పెరుగు చుక్క పడి కాసేపు నిలిచాయంటే మెరుపు పోయి అక్కడ మొద్దు మచ్చ పడుతుంది. అది అంటుకున్న మరక కాదు, పులుపు రాయిని తినేసిన గుర్తు. ఎంత తుడిచినా పోదు, మళ్లీ పాలిష్ పట్టాలి. పప్పుచారు, పులిహోర, రోటి పచ్చడి లేని ఇల్లు మన వైపు ఎక్కడుంది? మార్బుల్ పూజగదికి బాగుంటుంది, వంటింటికి వద్దు. కడప బండ, బేతంచర్ల బండ, తాండూరు బండ కూడా ఆ సున్నపు జాతివే. పాతిళ్లలో కడప బండ గట్లు చూసే ఉంటారు. వాటి మీద చింతపండు పిసికిన చోట తెల్లబారి ఉంటుంది, మిగతా చోటంతా ఏళ్లతరబడి నూనె తాగి నిగనిగలాడుతుంది. ఇప్పుడు కడప బండను గట్టు కింద నిలువు పలకలకు, అరలకు వాడుతున్నాం. ఆ పనికి దానికి సాటి లేదు. చెమ్మకు ఉబ్బదు, చెద పట్టదు. ప్లైవుడ్ అరమరల మోజులో దాన్ని వదిలేయడం నాకు నచ్చదు.

ఇక గ్రానైట్. చీమకుర్తి గెలాక్సీ రాయి గురించి చెప్పేటప్పుడు మా ఊరి వాడినని కాస్త ఎక్కువ చెబుతున్నానని అనుకోవద్దు. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరుస్తాయి కదా, అవి బ్రాంజైట్ అనే ఖనిజం రేణువులు. భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్లు అది అసలు గ్రానైటే కాదంటారు, గాబ్రో జాతి రాయట. వ్యాపారంలో మాత్రం అన్నీ గ్రానైట్లే. మన చుట్టూ రకాలకు కొదవలేదు. బల్లికురవ స్టీల్ గ్రే, కరీంనగర్ ట్యాన్ బ్రౌన్, శ్రీకాకుళం బ్లూ ఉన్నాయి. మన రెండు రాష్ట్రాల రాయి చైనాకు, యూరప్‌కు పోతుంటే మనం మాత్రం బయటి పలకల కేటలాగులు తిరగేస్తుంటాం. వంటింటికి ముదురు రంగు, సన్నటి గింజ ఉన్న రాయి మేలు. పులుపుకు చెక్కుచెదరదు, వేడి మూకుడుకు మచ్చ పడదు. నీళ్లు తక్కువ పీలుస్తుంది కాబట్టి సీలర్, అంటే తడి లోపలికి దిగకుండా పూసే ద్రవం, పెద్దగా అక్కర్లేదు. లేత రంగు గ్రానైట్ కావాలంటే సీలర్ పూయించుకోండి, లేకపోతే నూనె లోపలికి దిగి మచ్చ కడుతుంది. గ్రానైట్‌లో రేడియేషన్ ఉంటుందని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌కి భయపడకండి. గట్టు రాయి నుంచి ఇంట్లోకి వచ్చే రేడాన్ అనే రేడియేషన్ వాయువు చాలా తక్కువ. ఇంటి కింద నేలలోంచి వచ్చేదే దానికంటే ఎక్కువని అమెరికా పర్యావరణ సంస్థే చెప్పింది.

షాపుకు వెళ్లినప్పుడు ఏం చూడాలో కూడా చెబుతాను. మా వాళ్లు కొందరు తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి. పలక మీద బకెట్ నీళ్లు పోయించండి. ఆరేటప్పుడు ఎక్కడైనా గీతలా తడి ఆగిపోతే అక్కడ సన్న బీట ఉన్నట్టు. పలక వెనక ఫైబర్ జాలీ అంటించి ఉంటే రాయి బలహీనంగా ఉందేమోనని అడగండి. మరీ చవగ్గా, మరీ నల్లగా ఉన్న పలక దొరికితే గోళ్ల రంగు తుడిచే ద్రవంలో తెల్ల దూది ముంచి గట్టిగా రుద్దండి. దూది నల్లబడితే అది బూడిద రంగు రాయికి పట్టించిన రంగు. మందం అంచు దగ్గర టేపు పెట్టి మీరే కొలవండి. 20 మిల్లీమీటర్లని చెప్పి 16 ఇచ్చేవాళ్లున్నారు. సింకు పక్కన సన్నటి పట్టీ విరిగేది ఆ నాలుగు మిల్లీమీటర్ల దగ్గరే. గట్టు ఎత్తును కార్పెంటర్ లెక్కకు వదలకండి. వండే మనిషి నిలబడి మోచెయ్యి మడిస్తే దానికి నాలుగైదు అంగుళాలు కిందకు గట్టు రావాలి. గట్టు అంచు అడుగున సన్న గాడి కొట్టించుకుంటే కారిన నీళ్లు అక్కడే చుక్కలుగా రాలిపోతాయి, కింది అరమర తలుపులు ఉబ్బవు. ఈ గాడికి పెద్ద ఖర్చేమీ కాదు, అయినా అడిగేవాళ్లే లేరు.

ఇప్పుడు కోత సంగతి.

క్వారీలోనూ ఫ్యాక్టరీలోనూ రాయిని నీళ్లతోనే కోస్తారు. రాతి దిమ్మను పలకలుగా కోసే పెద్ద రంపం గ్యాంగ్‌సా నడిచేటప్పుడు నీళ్లు పోకపోతే బ్లేడు కాలిపోతుంది కాబట్టి యజమానే నీళ్లు పెట్టిస్తాడు. అక్కడి తిప్పలు వేరే ఉన్నాయి, అవి ఇంకో ఉత్తరానికి. మీ ఇంట్లో జరిగేది మాత్రం ఇది. పలకలు ఇంటికి వస్తాయి. మా కుర్రాడు బాల్కనీలోనో మెట్ల కిందో కూర్చుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, చేతి కట్టర్‌తో పొడిగా కోస్తాడు. సింకు కంత, కుళాయి కంత, ప్లగ్ బోర్డు కంత అన్నీ అలాగే. తర్వాత అంచు మోల్డింగ్, అంటే పలక అంచును అరగదీసి ఆకారం తేవడం. దుమ్ము అన్నిటికంటే ఎక్కువ లేచేది ఇక్కడే. అంచు పూర్తిగా గుండ్రంగా, ఫుల్ రౌండ్ కావాలంటే అడుగడుగునా గ్రైండర్ పెట్టి అరగదీస్తూ పోవాలి. పూట గడిచేసరికి కుర్రాడి కనుబొమలు, జుట్టు తెల్లగా అయిపోతాయి. ఇంటివాళ్లు తలుపు వేసేసుకుంటారు, వాళ్లను తప్పుపట్టను, సోఫాల మీద దుమ్ము పడుతుంది మరి.

కంటికి కనిపించే ఆ తెల్లపొడి కంటే కనపడనిది ప్రమాదం. పలుగురాయి అంతా సిలికా అనే పదార్థమే, మిగతా రాళ్లలోనూ అది కొంత ఉంటుంది. దాని అతి సన్నటి రేణువులు ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి అక్కడే ఉండిపోతాయి. వాటి చుట్టూ ఊపిరితిత్తి గట్టిపడుతూ పోతుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. దానికి మందు లేదు. తువ్వాలు ఆ రేణువుల్ని ఆపదు. మార్బుల్‌లో ఈ సిలికా సాధారణంగా 5 శాతం లోపే. గ్రానైట్‌లో రాయిని బట్టి పావు వంతు నుంచి 40 శాతం దాకా ఉండొచ్చు. మా గెలాక్సీ లాంటి నల్లరాళ్లలో ఇంకా తక్కువ. క్వార్ట్జ్ పలకలో 90 శాతం దాకా, పైగా జిగురు పొగ అదనం. అంటే మీ వ్యాసం మెచ్చుకున్న పలకే మా కుర్రాళ్లకు అన్నిటికంటే కీడు చేసేది.

ఇది నా సొంత భయం కాదు. ఇజ్రాయెల్‌లో, స్పెయిన్‌లో క్వార్ట్జ్ గట్లు కోసే పనివాళ్లకు ఊపిరితిత్తులు మార్చాల్సిన పరిస్థితి వచ్చింది. ఆస్ట్రేలియాలో ముప్పై, నలభై ఏళ్ల మగవాళ్లు జబ్బుపడుతుంటే అక్కడి ప్రభుత్వాలు 2023 డిసెంబరులో నిర్ణయం తీసుకుని, 2024 జులై 1 నుంచి ఆ పలకల తయారీ, అమ్మకం, కోత, బిగింపు అన్నీ నిషేధించాయి. అలా నిషేధించిన మొదటి దేశం అదే. కాలిఫోర్నియాలో నిషేధించలేదు కానీ, పొడి కోత కుదరదని గట్టి నియమాలు పెట్టారు. డాలస్ బాబు ఇంట్లో గట్టు కోసిన మనిషి ఎవరో, ఎలా కోశాడో ఆ బాబుకూ తెలిసి ఉండదు.

మా దూరపు బంధువుల కుర్రాడొకడు నగరంలో క్వార్ట్జ్ కోసే యార్డులో చేశాడు. పేరు రాయను. దగ్గు, ఆయాసం వస్తే ఒక ఆసుపత్రిలో టీబీ అని మందులు ఇచ్చారు. కోర్సు పూర్తయినా తగ్గలేదు. ఇంకో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "నువ్వేం పని చేస్తావు నాయనా?" అని అడిగింది. అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదట. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ త్వరగా అంటుకుంటుంది కూడా. అందుకే రెండూ కలిసిపోయి, అసలు జబ్బు కాగితాల్లోకే ఎక్కదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచే ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో సిలికోసిస్ ఉంది. మీ బాల్కనీ మాత్రం ఫ్యాక్టరీ కాదు కదా.

నీళ్లతో కోస్తే పోయేదానికి ఎందుకు కోయరని అడుగుతారు. మా వైపు నుంచి ఉన్న కారణాలు దాచకుండా చెబుతాను. ఒకటి, కరెంటు భయం. చేతి కట్టర్‌కి నీళ్లు తగిలితే షాక్ కొడుతుందని కుర్రాళ్లు వణుకుతారు. భయం నిజమే. కానీ మంచి మార్బుల్ కట్టర్లకు నీటి గొట్టం తగిలించే నాజిల్ కంపెనీయే ఇస్తుంది. ఆ నాజిల్ పెట్టెలోంచి తీయకుండా మూల పడేస్తారు. కట్టర్‌ని ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న బోర్డుకు తగిలించి, నాజిల్‌తో, రబ్బరు బూట్లతో చేస్తే ఆ భయం చాలావరకు పోతుంది. రెండు, గీసుకున్న గీత నీళ్లకు చెరిగిపోతుంది. దీనికి మైనపు పెన్సిల్ చాలు. మూడు, సింకు కంత యార్డులోనే కోసి తెద్దామంటే కంత ముందు మిగిలే సన్న పట్టీ దారిలో విరుగుతుంది, అందుకే ఇంటి దగ్గరే కోస్తారు. పట్టీకి ఇనుప చువ్వ బిగించి, పలకను నిలువుగా మోసుకొస్తే విరగదు. కాకపోతే ఇంకో మనిషి కావాలి. నాలుగోది మీ వైపు నుంచి. నీళ్లతో కోస్తే తెల్ల బురద అవుతుంది. కొత్త టైల్స్ పాడైపోతాయని ఇంటివాళ్లే ఒప్పుకోరు. ఆ బురదను తడిగా ఉన్నప్పుడే ఎత్తి బస్తాకి పట్టించాలి. వదిలేస్తే ఎండి మళ్లీ దుమ్మే.

కాబట్టి గట్టు వేయించుకునేవాళ్లు రాయి ఎంచుకున్న రోజే ఈ మాట కూడా మాట్లాడుకోండి. కోత నీళ్లతోనా, పొడిగానా? ఇంట్లోనా, యార్డులోనా? కోసేవాడికి ఎన్95 మాస్క్ ఎవరు ఇస్తారు? అపార్ట్‌మెంటు అయితే బిల్డరుని అడగండి. ఫ్లాటుకో బాల్కనీలో కోయించే బదులు కింద ఒక చోట నీటి మోటరు, చుట్టూ టార్పాలిన్ పట్టాలు, బురద గుంట ఏర్పాటు చేస్తే అన్ని ఫ్లాట్ల గట్లూ అక్కడే కోయొచ్చు. పైన నివసించేవాళ్లకూ దుమ్ము తప్పుతుంది. ఫుల్ రౌండ్ మోల్డింగ్ మోజు కొంచెం తగ్గించుకోండి. చేతికి పదును తగలకుండా అంచు కాస్త తీస్తే చాలు. అరగదీత తగ్గుతుంది, మీకు కూలీ కూడా తగ్గుతుంది. క్వార్ట్జే కావాలనేవాళ్లు సిలికా తక్కువ ఉన్న రకాలు, గాజు పొడితో చేసేవి ఉన్నాయేమో షాపులో అడగండి. అడిగేవాళ్లు ఉంటేనే వాళ్లు తెప్పిస్తారు.

ప్రభుత్వానిది కూడా ఒక మాట. 1996 చట్టం వచ్చినప్పటి నుంచి పెద్ద కట్టడాల ఖర్చులో 1 శాతం భవన నిర్మాణ కార్మికుల సెస్సు కింద కట్టించుకుంటున్నారు. గట్లు కోసే మావాళ్లూ నిర్మాణ కార్మికులే. ఆ డబ్బుతో ఏడాదికోసారి ఊపిరితిత్తుల ఎక్స్‌రే తీయించడం, నీటి నాజిల్ ఉన్న కట్టర్లు సగం ధరకు ఇవ్వడం పెద్ద పనేమీ కాదు. రాజస్థాన్ 2019లోనే సిలికోసిస్ బాధితుల కోసం ఒక విధానం తెచ్చింది. జబ్బు నిర్ధారణ అయితే 3 లక్షలు, మనిషి పోతే కుటుంబానికి 2 లక్షలు ఇస్తారు. ఇసుకరాయి, మార్బుల్ పనివాళ్లు అక్కడ ఎక్కువ కాబట్టి వాళ్లు కదిలారు. రాయి అమ్మడంలో మనమేమీ తక్కువ తినలేదు. ఆ స్థాయి సాయం మన రెండు రాష్ట్రాల్లోనూ రాయి పనివాళ్ల ఇళ్లదాకా రావాలి. ఆసుపత్రుల్లో దగ్గుతో వచ్చిన మనిషిని ఏం పని చేస్తావని అడిగి చీటీ మీద రాయమని డాక్టర్లకు ఒక ఉత్తర్వు ఇస్తే ఖర్చు కూడా ఉండదు.

నీళ్లతో కోస్తే మాకు పని కొంచెం నిదానంగా సాగుతుంది, పక్కన ఒక మనిషి అదనం. ఆ కూలీ ఎవరో ఒకరు ఇవ్వాలి. పలకకు పెట్టే డబ్బులో అది చిన్న మొత్తమే. మీ వ్యాసం చివర రాయి రకాలు, చదరపు అడుగు ధరలు, ఫిట్టింగ్ చార్జీలు ఒక పట్టికలో వేశారు. ఈసారి వేసేటప్పుడు అందులో నీటి కోత కూలీకి ఇంకో గడి పెట్టండి. రేటు ఎంతని మమ్మల్ని అడిగితే చెబుతాం.

ఇట్లు,
ఒక గ్రానైట్ మేస్త్రీ,
ఒంగోలు